ఓంగ్ గారింటి షరతు

పినాంగ్, మలేషియా
12 జూన్ 2024

అత్తా,

వందనాలు. కవరు వెనక కొత్త చిరునామా చూసి కంగారు పడకు, ఉద్యోగం పోలేదు. మా చర్చి సంఘం క్లినిక్ వాళ్ళే నన్ను ఒక ఇంట్లో ఉండి నర్సింగ్ చెయ్యమని పంపారు. ఇకపై ఉత్తరాలు ఈ ఇంటికే రాయి. ఫోనులో నీకు వినపడదు. పక్కింటి రుచిత నీ చెవి దగ్గర అరిచి చెబితే బరంపేట వీధంతా వింటుంది. పన్నెండు రోజులు పట్టినా మనకు ఉత్తరమే దిక్కు.

అంత డబ్బున్న చైనా వాళ్ళకు మీరు చేసే సేవ ఏముంటుందే అని పోయినసారి అడిగావు. వచ్చిన కొత్తలో నేనూ అదే అనుకున్నాను. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర నువ్వు బీపీ చూసి మాత్ర ఇస్తే ఆ కూలీలు నీ ప్రార్థనకు కూడా తల వంచుతారు. ఇక్కడివాళ్ళకు మన మాత్ర అక్కర్లేదు. ముత్తాతల కాలంలో చైనా నుంచి వచ్చి వ్యాపారాల్లో పైకొచ్చిన కుటుంబాలు. కరపత్రం ఇస్తే మర్యాదగా రెండు చేతులతో తీసుకుని, లిఫ్టు పక్కన బుట్టలో వేసి వెళ్తారు. షుగరు అంటే మాత్రం ఆగుతారు. అందుకే మా పాస్టర్ గారు వాళ్ళ అపార్ట్‌మెంట్ల కిందనే శనివారం శనివారం షుగరు, బీపీ పరీక్షలు పెట్టించారు. మోకాళ్ళ నొప్పులకు వ్యాయామం, ఉప్పు తగ్గించి వండే క్లాసులు కూడా ఉన్నాయి. నాలుగేళ్ళుగా వేళ్ళు గుచ్చుతూనే ఉన్నాం. ఆదివారం గుడికి వచ్చినవాళ్ళను మాత్రం ఒక్క బెంచీలో కూర్చోబెట్టవచ్చు.

అలా షుగరు పరీక్షకు వచ్చినావిడే మిసెస్ ఓంగ్. డెబ్బై తొమ్మిదేళ్ళు. ఇంట్లో అందరూ అహ్‌మా అంటారు, అంటే నానమ్మ. ఎడమ పాదం కింద షుగరు పుండు. కొడుకు కెన్నెత్‌కు టైల్సు, పాలరాయి షాపులు మూడున్నాయి. నేను ఇంట్లో అడుగుపెట్టగానే హాల్లో నిలబెట్టి ఒక షరతు పెట్టాడు.

"మీ క్లినిక్ ఎందుకు నడుస్తుందో నాకు తెలుసు. ఈ ఇంట్లో పుండుకు కట్టు కట్టు. దేవుడి మాట ఎత్తకు. ఎత్తనని నాకు మాట ఇవ్వు."

ఇచ్చాను. ఇచ్చేముందు పాస్టర్ గారికి ఫోను చేసి చెబితే, "ఇవ్వు, ముందు లోపలికి వెళ్ళు, దారి ప్రభువే చూపిస్తాడు" అన్నారు. నాకు అది నచ్చలేదు. పుండు కడుగుతున్నప్పుడల్లా, నేను నిజంగా పుండే కడుగుతున్నానా, గాలానికి ఎర గుచ్చుతున్నానా అనిపిస్తోంది. నన్ను నర్సింగ్‌లో చేర్చింది నువ్వు. నువ్వే చెప్పు.

నీ మేనకోడలు,
హెప్సిబా


నరసరావుపేట
3 జూలై 2024

హెప్సీ తల్లీ,

నీ ఉత్తరం వచ్చేసరికి కరెంటు లేదు, గడప మీద కూర్చుని చదివాను. ఎండలు తగ్గాయని పేరే గాని ఉక్క మాత్రం చానా ఉంది. పోయిన శనివారం బట్టీల దగ్గరికి వెళ్తే నాగయ్య అనే కూలీ, "అమ్మా, నీకు వినపడదుగా, నా గుండె చప్పుడు ఎట్టా వింటావు?" అని ఆట పట్టించాడు. "నీ గుండె నోటితో కొట్టుకుంటదిరా, చెవిటిదానికీ వినపడుద్ది" అన్నాను.

పుండు సంగతి ముందు. ఉప్పునీళ్ళు కాచి చల్లార్చి కడుగు. ఆ వేళ్ళ సందుల్లో తడి ఉండనివ్వకు. పాదం నేల మీద ఆనించనివ్వకు, ఎంత చెప్పినా ఆనిస్తారు, ముసలివాళ్ళు మొండివాళ్ళు, నన్ను చూడలేదా. మడమ నల్లబడితే ఆ రోజే డాక్టరు.

ఇక మాట సంగతి. ఇవ్వకుండా ఉండాల్సింది. ఇచ్చేశావు, ఇప్పుడు దాన్ని కాల్చి తినలేం. ముప్పై నాలుగేళ్ళు మిషన్ ఆసుపత్రిలో చేసి నేను నేర్చుకున్నది ఒకటే. అడగకుండా చెప్పకు, అడిగితే దాచకు. గాలం, ఎర అని పెద్ద మాటలు ఎందుకు రాశావు? కడిగిన పుండు కడిగినట్టే. అది ఎవరి కోసం కడిగావో పుండుకేం తెలుసు.

అయినా పాస్టర్ గారి ఆ మాట నాకూ రుచించలేదు. లోపలికి వెళ్ళేదాకా ఒక మాట, వెళ్ళాక ఒక మాట అంటే దొంగల పద్ధతి కదా.

నాకేమీ పంపవద్దు. పోయినసారి పంపిన బిస్కెట్లు రుచిత పిల్లలకు పెట్టాను.

అత్త,
దీనమ్మ


పినాంగ్
22 జూలై 2024

అత్తా,

ఈ ఉత్తరం నీకొక్కదానికే. చదివి రుచితకు కూడా చూపించకు.

నేను ఒక్క మాటా ఎత్తలేదు. పొద్దున్నే నా గదిలో మోకాళ్ళూని ప్రార్థన చేసుకుంటుంటే అహ్‌మా వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి చూసిందట, ఎన్ని రోజుల నుంచో. పది రోజుల కిందట కట్టు కడుతుంటే అడిగింది, "రోజూ అంతసేపు ఎవరితో మాట్లాడతావు?" అని. మీ అబ్బాయికి మాట ఇచ్చాను, చెప్పకూడదు అన్నాను. ఆమె నవ్వి, పనిమనిషితో బైబిలు తెప్పించుకుంది. చైనా అక్షరాలది, పెద్ద అచ్చు. దిండు గలేబులో దాచుకుని వారం రోజులు చదివింది.

నిన్న సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, "నాకు ఆ బాప్తిస్మపు నీళ్ళు పోయించు. కెన్నెత్‌కు తెలియకూడదు. తెలిస్తే వాళ్ళ నాన్న పటం ముందు అగరుబత్తి వెలిగించేదెవరని గొడవ చేస్తాడు" అంది. సంతోషమో భయమో నాకే తెలియలేదు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. పాస్టర్ గారికి చెప్పలేదు. చెబితే ఆదివారమే ఫోటోగ్రాఫర్‌తో వస్తారు. ముందు కెన్నెత్‌తో నేనే నేరుగా మాట్లాడి, నా మాట నుంచి నన్ను విడిపించమని అడగాలనుకుంటున్నాను. తగిన సమయం చూస్తున్నాను.

పుండు బాగాలేదు. ఎముకకు పట్టిందట. మోకాలి కింద కాలు తీసేయాలని డాక్టరు కొడుకుతో చెప్పాడు. ఇక్కడ పెద్దవాళ్ళకు ఇలాంటివి చెప్పరు, మన దగ్గరలాగే. 'చిన్న పుండు, మానుతుంది' అని ఇంటిల్లిపాదీ ఒకే పాట. శరీరంలో ఒక అవయవం తక్కువైతే పోయిన పెద్దల ముందుకు సగం మనిషిగా వెళ్ళాల్సి వస్తుందని ఆమెకు భయమట, తెలిస్తే ఒప్పుకోదని వాళ్ళ భయం. నన్నూ అలాగే చెప్పమన్నాడు. "నేనుగా చెప్పను సార్, కానీ ఆవిడ అడిగితే అబద్ధం ఆడను, ఈ సంగతిలో మీకు మాట ఇవ్వలేను" అని అప్పుడే చెప్పేశాను. ముఖం చిట్లించుకుని వెళ్ళాడు.

ఆగస్టు ఇరవై నాలుగున ఆమెకు ఎనభై నిండుతాయి. పెద్ద విందు చేస్తారట. అది అయ్యాక ఏదో వంకతో ఆసుపత్రికి తీసుకెళ్ళాలని వాళ్ళ ఆలోచన. నువ్వు ప్రార్థన చెయ్యి అత్తా, అంతే. ఇంకేమీ చెయ్యవద్దు.

హెప్సిబా


నరసరావుపేట
8 ఆగస్టు 2024

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే గదిలో కూర్చుని ఏడ్చాను. డెబ్బై రెండేళ్ళ ముసలిదాన్ని ఇలా ఏడ్చి ఎన్నాళ్ళయిందో. నాలుగేళ్ళు గుచ్చిన వేళ్ళకు ప్రభువు ఒక్క చెయ్యి ఇచ్చాడు, అదీ తనంతట తాను చాపిన చెయ్యి.

మన ఇంట్లో బాప్తిస్మానికి తెల్ల చీర మేనత్త పెట్టాలి. నీకు నేను పెట్టాను, మీ నాన్నకు మా మేనత్త తెల్ల పంచె పెట్టింది. ఆ దేశంలో ఆవిడకు ఎవరున్నారు పెట్టడానికి? నువ్వు నా కూతురి లెక్క, నువ్వు తెచ్చిన మనిషి నాకు చెల్లెలి లెక్క. అందుకని మంగళగిరి తెల్లచీర, సన్నంచు ఉన్నది, ఏరి ఏరి కొని నిన్న స్పీడ్ పోస్టులో పంపాను. ఆవిడ పేరు మీదే. నీ పేరున పంపితే నువ్వు మొహమాటపడి బీరువాలో పెడతావు. ఎనభయ్యో పుట్టినరోజుకు అందేలా చూడమని పోస్టాఫీసులో గట్టిగా చెప్పాను.

వేరే దేశానికి పోయే పార్సిల్ కదా, లోపల ఏముందో కాగితం మీద రాసి పైన అంటించాలట. ఉన్నది ఉన్నట్టు రాయకపోతే అక్కడ ఆపేస్తారని గుమస్తా అన్నాడు. రుచిత చేత ఇంగ్లీషులో రాయించాను, తెల్ల చీర, బాప్తిస్మపు కానుక అని. రుచిత, "చీర అంటే చాలుగా పెద్దమ్మా?" అంది. "సర్కారు కాయితం మీద అబద్ధం నేను రాయించను" అన్నాను. ఆ పిల్లకు నీ ఉత్తరం చూపించలేదులే, ఒట్టు.

కాలు తీయడం తప్పకపోతే తొందరగా తీయించండి. విందులూ పందిళ్ళూ అయ్యేదాకా చీము ఆగుతుందా?

అత్త


పినాంగ్
26 ఆగస్టు 2024

అత్తా,

నీ పార్సిల్ సరిగ్గా పుట్టినరోజు నాడు అందింది. నీ ఉత్తరం దాని తరవాత రెండు రోజులకు అందింది.

హాలంతా ఎరుపు. ఎర్ర పరదాలు, ఎర్ర కవర్లు, ఎర్ర గుడ్లు. బంధువులు అరవై మంది దాకా ఉన్నారు. కొరియర్ అబ్బాయి పార్సిల్ కెన్నెత్ చేతికిచ్చాడు. పైన అంటించిన కాగితం అతను చదివాడు. రెండుసార్లు చదవడం నేను చూశాను. తరవాత అందరి ముందూ కత్తిరించి తీశాడు. వీళ్ళకు తెలుపు చావు రంగు, అత్తా. తల్లి పోయినప్పుడు కొడుకులు కట్టుకునే రంగు. ఎనభయ్యో పుట్టినరోజు నాడు, అరవై మంది ముందు, అతను తల్లి మీద కప్పడానికి పంపినట్టున్న తెల్లబట్ట చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. కెన్నెత్ పెద్దత్త కేక పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

నన్ను కొట్టలేదు. గట్టిగా కూడా మాట్లాడలేదు. "నువ్వు మాట ఇచ్చావు" అన్నాడు. నేను నిలబెట్టుకున్నానని చెప్పడానికి నోరు తెరిచాను, చేతిలో ఆ కాగితం చూపించాడు. అరగంటలో నా పెట్టె గేటు బయట ఉంది. అహ్‌మా లోపలి నుంచి నా పేరు పిలుస్తూనే ఉంది.

పాస్టర్ గారు అతనికి ఫోను చేసి, మీ అమ్మకు మత స్వేచ్ఛ ఉంది అని ఉపన్యాసం ఇచ్చారు. దాంతో ఉన్న సందు కూడా మూసుకుపోయింది. ఆ తరవాత నాతో, "ఎప్పుడు అడిగింది, ఏ మాటలతో అడిగింది, రాసి ఇవ్వు, సంఘం పత్రికలో వేద్దాం" అన్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఇప్పుడు ఆమెకు కట్టు మార్చేవాళ్ళు లేరు. కొత్త నర్సును పాదం ముట్టుకోనివ్వడం లేదని పనిమనిషి చెప్పింది. వాసన వస్తోందట. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే కాలు కాదు, మనిషే పోతుంది.

ప్రార్థన తప్ప ఏమీ చెయ్యవద్దన్నాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేను ఔనని కూడా అనని బాప్తిస్మానికి నువ్వు చీర పంపావు. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. దాచుకుని తీపిగా రాయడం నాకు చేతకాలేదు.

క్లినిక్ హాస్టల్లో ఉన్నాను. చిరునామా కింద ఉంది.

హెప్సిబా


నరసరావుపేట
9 సెప్టెంబరు 2024

హెప్సీ,

నువ్వు తిట్టింది తక్కువ.

నీకు ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెబుతాను. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో గురజాల పక్క పల్లె నుంచి లక్ష్మమ్మ అనే కోడలు తొలి కాన్పుకు మా ఆసుపత్రికి వచ్చింది. భూములున్న ఇల్లు. నా వయసుదే. పది రోజులు మంచం పక్కన కూర్చుని కబుర్లతో పాటు వాక్యం చెప్పాను. ఆ పిల్ల ఇష్టంగా విన్నది. వెళ్ళేటప్పుడు, "నేనూ మీలోకి వస్తానక్కా, కానీ ఇప్పుడే కాదు, ఇంట్లో చెప్పాలి" అంది. ఇప్పుడే కాదు అన్న ముక్క వదిలేసి మిగతాది నేను మా బోధకుడితో చెప్పాను. సంతోషం పట్టలేక చెప్పాను. ఆయన నలుగురిని వెంటేసుకుని ఆ ఊరు వెళ్ళి, ఆ ఇంటి ముందు నిలబడి ప్రార్థన చేశాడు.

రెండో కాన్పుకు ఆ పిల్లను మా ఆసుపత్రికి తీసుకురాలేదు. అత్తగారు గుమ్మం దాటనివ్వలేదట. ఇంట్లోనే రక్తం పోయి చచ్చిపోయింది. మా ఆసుపత్రి అక్కడికి గంట దూరం. మాకు ఆ కబురు నెల తరవాత తెలిసింది.

ఆ తరవాతే నేను అడగకుండా చెప్పకు అనే నియమం పెట్టుకున్నాను. నీకు నీతిగా చెప్పాను గాని అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. ఇన్నేళ్ళు పెట్టుకున్న నియమాన్ని ఒక చీర కొనబోయి మర్చిపోయాను. ఈసారైనా ఒక మంచి జరిగితే చూడాలని ఆశ పుట్టింది. అంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

కెన్నెత్ గారికి వేరే కాగితం మీద రాసి పెట్టాను. పార్సిల్ పంపింది నేనే, నీకు చెప్పకుండా పంపాను, మా అమ్మాయి మీకిచ్చిన మాట తప్పలేదు, తెలుపు మీకు ఏమవుతుందో నాకు తెలియదు, మీ తల్లిగారి పండుగ పాడుచేసినందుకు చేతులు జోడిస్తున్నాను అని. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషు చేసి ఇవ్వు. నన్ను మంచిదాన్ని చేసి రాయకు.

ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళు. ఏ షరతు పెడితే దానికి సరే అను. ఆయన కాళ్ళు పట్టుకోమనడం లేదు, ఆమె కాలు పట్టుకోమంటున్నాను.

దీనమ్మ


పినాంగ్
15 సెప్టెంబరు 2024

అత్తా,

నా కిందటి ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. కోపం తెచ్చుకుని ఉంటావు. అయినా ఇది రాయక తప్పదు, నువ్వు ఇంకెవరి నోటనైనా వినకముందే.

మొన్న కెన్నెత్ కారు హాస్టల్ ముందు ఆగింది. తల్లికి జ్వరం, ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. "పాత షరతే. ఈసారి ఆవిడ అడిగినా సరే. ఆవిడ అడిగితే కాదని చెప్పాలి, నా ఎదురుగా" అన్నాడు. పాస్టర్ గారితో చెబితే, అలాంటి మాట ఇచ్చి ఆ గుమ్మం దాటితే నేను మళ్ళీ క్లినిక్ గుమ్మం ఎక్కనక్కర్లేదన్నారు. ఇక్కడ పనిచేసే నా పర్మిట్ క్లినిక్ పేరు మీద ఉంది, డిసెంబరు దాకా. నేను కారెక్కాను.

పుండు గురించి రాయను. నువ్వు ఎన్నో చూశావు, ఇది కూడా చూసినట్టే అనుకో. రెండు గంటలు కడిగాను. అహ్‌మా నా తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. అప్పుడు కొడుకు అక్కడే కుర్చీలో ఉన్నాడు. ఆమె ఇంగ్లీషులోనే, అతనికి వినిపించేలా అడిగింది.

"అమ్మాయీ, నాకు నీళ్ళు పోయిస్తావా?"

నేను, "పోయించను అహ్‌మా. మీ అబ్బాయికి మాట ఇచ్చాను" అన్నాను.

ఆమె నా తల మీద నుంచి చెయ్యి తీసేసింది. గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటి నుంచి నాతో మాట లేదు. కట్టు మారుస్తాను, కాలు చాపుతుంది, అంతే. కోడికూత వినపడకపోయినా ప్రభువును ఎరగనన్న పేతురు నాకు గుర్తొస్తున్నాడు. అడిగితే దాచకు అన్నావు. నేను దాచడం కాదు, ముఖం మీదే కాదన్నాను. నువ్వు నన్ను క్షమించవని తెలుసు.

హెప్సిబా


నరసరావుపేట
29 సెప్టెంబరు 2024, ఆదివారం

హెప్సిబా,

ఈ రోజు నేను గుడిలో బల్ల తీసుకోలేదు, ప్రభువు రొట్టె ముట్టడానికి మనసు రాలేదు. నీ ఉత్తరం నిన్న వచ్చింది.

ఏ షరతు పెడితే దానికి సరే అనమని నేనే రాశాను, ఆ ఉత్తరం నీకు ఈపాటికి అందే ఉంటుంది. కానీ నువ్వది చూసి ఈ పని చెయ్యలేదు. అడగకుండా మాట్లాడకపోవడం వేరు. చావుకు దగ్గరైన మనిషి దాహమని నోరు తెరిచి అడిగితే పొయ్యనని చెప్పడం వేరు. పర్మిట్ కోసమా? అతని టైల్సు షాపులు చూసా? ఉన్నవాళ్ళ ఇంట్లో నాలుగు నెలలు తిన్నాక నోరు అలాగే మెత్తబడుతుంది, నేను చానామందిని చూశాను. సున్నం బట్టీ కూలీ అడిగితే కాదనేదానివా?

ఇలా రాయాల్సి వచ్చినందుకు నాకు కడుపులో మండుతోంది. రాయకపోతే ఇంకా మండుతుంది. ఆ చీర పంపిన దాన్ని నేను, నిన్ను అనే అర్హత లేదని నువ్వు అనవచ్చు. అను.

దీనమ్మ


పినాంగ్
14 అక్టోబరు 2024

అత్తా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. లక్ష్మమ్మ గురించి రాసింది ఆపరేషనుకు ముందు రోజు అందింది. పర్మిట్ కోసమా అని రాసింది మొన్న అందింది. రెండింటికీ కలిపి జరిగింది చెబుతాను. అంతా విన్నాక ఏమన్నా పడతాను.

అవును, ఆపరేషను అయింది. అహ్‌మా బతికే ఉంది.

నేను కాదన్న అయిదో రోజు డాక్టరు ఇంటికి వచ్చాడు. ఇక ఆగితే విషం రక్తంలోకి ఎక్కుతుందన్నాడు. కొడుకు, కోడలు, పెద్దత్త మంచం చుట్టూ చేరి అదే పాట మొదలుపెట్టారు. చిన్న శుభ్రం, ఒక్క రాత్రి ఆసుపత్రిలో, అంతే. అహ్‌మా వింటూ వింటూ చెయ్యెత్తి అందరినీ ఆపింది. నన్ను పిలిచింది. ఎనభై ఏళ్ళ మనిషి, నాలుగు రోజులు నా ముఖం చూడని మనిషి, సూటిగా నా కళ్ళలోకి చూసి అడిగింది.

"నా కాలు తీసేస్తారా?"

వెనక నుంచి కెన్నెత్ వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. ఈ సంగతిలో నేను అతనికి మాట ఇవ్వలేదు. "తీసేస్తారు అహ్‌మా. మోకాలి కింద నుంచి" అన్నాను.

"తీయకపోతే?"

"ఈ నెల దాటరు."

పెద్దత్త ఏడుపు మొదలుపెట్టింది. కెన్నెత్ నా మీదికి రెండడుగులు వేశాడు. అహ్‌మా అతనితో వాళ్ళ భాషలో మాట్లాడింది. ఆ భాష నాకు ఇప్పుడు చాలావరకు తెలుస్తుంది. "ఈ పిల్లకు ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైనది నేను అడిగాను. ఔనంటే వాళ్ళ గుడిలో దీనికి గౌరవం. నీకిచ్చిన మాట కోసం నా ముఖం మీద కాదంది. నాకు చాలా కోపం వచ్చింది. నాలుగు రోజులు ఆలోచించాను. ఈ ఇంట్లో నాకు అబద్ధం చెప్పలేని మనిషి ఇదొక్కతే. ఇది పోతుందని చెబితే నా కాలు పోయినట్టే. తీసుకెళ్ళండి" అంది.

ఆ మర్నాడే ఆసుపత్రిలో చేర్చారు, జ్వరం తగ్గించి సెప్టెంబరు ఇరవై మూడున ఆపరేషను చేశారు. పర్మిట్ కోసం కాదు అత్తా. నేను ఆ రోజు ఔననుంటే ఆ గేటు మళ్ళీ నా ముందు మూసుకునేది, ఆమె ఎవరినీ నమ్మక, ఎవరి చేతా తాకించుకోక, ఆ మంచం మీదే పోయేది. అప్పుడు నాకు ఇంత లెక్క తట్టలేదు. మాట ఇచ్చాను, తప్పకూడదు అని మాత్రమే అనిపించింది. తరవాత ఏడ్చాను. లక్ష్మమ్మ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదేమో.

నీ క్షమాపణ కాగితం ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషు చేసి కెన్నెత్‌కు ఆసుపత్రి వరండాలో ఇచ్చాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆపరేషను అయ్యాక బయటికి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని, "నువ్విచ్చిన మాట నీకే తిరిగి ఇచ్చేస్తున్నాను. ఇక ఆవిడ ఏమడిగినా అది మీ ఇద్దరి సంగతి" అన్నాడు.

ఆమెకు ఆ ముక్క నేను చెప్పలేదు. అతనే చెప్పి ఉంటాడు. ఆమె మళ్ళీ అడగలేదు, నేనూ ఎత్తలేదు. మెలకువ వచ్చాక దుప్పటి కింద చెయ్యి పెట్టి తడుముకుని, "పెద్దాయన నన్ను గుర్తుపడతాడంటావా?" అంది, అంటే వాళ్ళాయన. ఎందుకు గుర్తుపట్టడు అన్నాను. ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

క్లినిక్‌లో నా పేరు తీసేశారు. డిసెంబరు తరవాత ఏమిటో తెలియదు. పుండు మానేదాకా ఇక్కడే ఉంటాను.

హెప్సిబా


నరసరావుపేట
28 అక్టోబరు 2024

హెప్సీ తల్లీ,

నీ ఉత్తరం శనివారం బట్టీల నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉంది. కాళ్ళకు సున్నంతోనే కూర్చుని చదివాను. మళ్ళీ చదివాను. నిన్న గుడిలో బల్ల తీసుకున్నాను.

పర్మిట్ కోసమా అని రాసినందుకు ముసలిదాన్ని మన్నించు. నేనైతే ఆ రోజు ఔననేదాన్ని. ఔనని, అందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని, ఆమెను పోగొట్టేదాన్ని. నీకు ఆ వయసులో ఉన్న బుద్ధి నాకు ఈ వయసులో లేదు. ఇది నీ మెప్పు కోసం రాయడం లేదు, నాకు అర్థమైంది రాస్తున్నాను.

డిసెంబరు గురించి దిగులు పెట్టుకోకు. వస్తే మంచం ఉంది, శనివారాలు బీపీ చూడటానికి వినపడే చెవులున్న మనిషి కావాలి.

ఆమె బాప్తిస్మం సంగతి అడుగుదామని మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. కొట్టివేతలు నీకు కనపడుతూనే ఉంటాయి, చూడనట్టు ఉండు. కుట్లు విప్పారా? చీము ఏమన్నా ఉందా? కోయగా మిగిలిన కాలికి నొప్పిగా ఉందని ఇంట్లోవాళ్ళు మోకాలి కింద దిండు పెడతారు, పెట్టనివ్వకు. మోకాలు వంగి అలాగే బిగుసుకుపోతుంది, అప్పుడు కట్టెకాలు పట్టదు. కాలు చాపి పడుకోబెట్టు, బోర్లా కూడా కాసేపు పడుకోబెట్టు. విసుక్కుంటుంది, వినకు. ఆమె నడవాలి.

మీ అత్త,
దీనమ్మ